గిటార్ పీరియడ్‌నీ గేమ్స్ పీరియడ్‌నీ తీసేయమనకండి



ఏటా జూన్‌లో డైరీలు పంచిన రెండు వారాలకే మాకు ఒక విన్నపం మొదలవుతుంది. "సార్, బాబు ఎయిత్‌కి వచ్చాడు. ఇక గిటార్ చాలు. ఆ పీరియడ్‌లో మ్యాథ్స్ చేయించండి" అంటారు కొందరు. "గేమ్స్ పీరియడ్‌ని స్టడీ అవర్‌గా మార్చలేరా?" అని పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఇంకొందరు అడుగుతారు. అడిగేది పిల్లల మీద ప్రేమతోనే. పోటీ ఎలా ఉందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. అయినా ఈ నెల ఈ పేజీలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. దయచేసి ఆ రెండు పీరియడ్లనూ తీసేయమనకండి. ఒకటి ఉంచి రెండోది తీసేయమని కూడా అనకండి. ఆ రెండూ ఒకే చదువులో రెండు సగాలు.

నేను పిల్లలకు గిటార్ నేర్పుతాను. పొద్దున్నే గ్రౌండ్‌లో పీటీ సార్‌తో కలిసి పరుగెడతాను. ఇంటికెళ్లాక నేను వినేదీ వాయించేదీ ఎక్కువగా బ్రెజిల్ జాజ్. అంటే సాంబా లయ మీద జాజ్ స్వర సమ్మేళనాలు పరిచిన సంగీతం. "గిటార్ సార్‌కి గ్రౌండ్‌లో ఏం పని?" అని కొందరు నవ్వుతుంటారు. ఆ ప్రశ్నకు మంచి జవాబు బ్రెజిల్ గిటార్ చరిత్రలోనే ఉంది. అందుకే మిమ్మల్ని కాసేపు అక్కడికి తీసుకెళ్తాను.

తలుపు మూసుకుని చేసిన సాధన

జోవావ్ జిల్బెర్టో 1931లో బ్రెజిల్‌లోని బహియా రాష్ట్రంలో, సావ్ ఫ్రాన్సిస్కో నది ఒడ్డున ఉన్న జువజేరో అనే ఊళ్లో పుట్టారు. యువకుడిగా రియో డి జనీరో వచ్చి ఒక గాయక బృందంలో చేరారు. రిహార్సల్స్‌కి సరిగా రావడం లేదని వాళ్లు తీసేశారు. చేతిలో పని లేదు, డబ్బు లేదు. 1950ల నడుమ డియామంటినా అనే కొండ ఊళ్లో ఉన్న అక్క ఇంటికి చేరారు. అక్కడ ఆయన నెలల తరబడి చేసిన పని ఒక్కటే: బాత్‌రూమ్‌లో తలుపు వేసుకుని గిటార్ వాయించుకుంటూ మెల్లగా పాడుకోవడం. బాత్‌రూమే ఎందుకంటే టైల్స్ గోడల మధ్య చిన్న శబ్దం కూడా స్పష్టంగా తిరిగి వినిపిస్తుంది. తన తప్పు తనకే దొరికిపోతుంది.

అలా వెతికి ఆయన పట్టుకున్నది ఒక కొత్త లయ. సాంబా ఊరేగింపులో పదుల సంఖ్యలో డోళ్లు మోగుతాయి. వాటిలో 'సుర్దో' అనే పెద్ద డోలు గుండె చప్పుడులా నిలకడగా కొడుతుంది. 'తంబొరిమ్' అనే చిన్న వాయిద్యం ఆ నిలకడకు పక్కపక్కనే, ఒకసారి ముందుగా, ఒకసారి ఆలస్యంగా చిలిపిగా పడుతుంది. జిల్బెర్టో ఈ మొత్తాన్ని ఒక్క గిటార్‌లోకి దించారు. బొటనవేలు సుర్దో అయింది. మిగతా వేళ్లు తంబొరిమ్ అయ్యాయి. పైన గొంతు, అరుపు లేకుండా, మాట్లాడినంత మెల్లగా. 1958లో ఆయన రికార్డు చేసిన 'షెగా జి సౌదాజి' పాట నిడివి రెండు నిమిషాలే. స్వరం ఆంటోనియో కార్లోస్ జోబిమ్‌ది, రచన వినిసియస్ డి మొరాయెస్‌ది. ప్రపంచం తర్వాత 'బోసా నోవా' అని పిలిచిన సంగీతానికి ఆ రికార్డే గట్టి పునాది వేసింది.

ఇది మీకెందుకు చెబుతున్నానంటే, మా దగ్గరికి తరచూ వచ్చే ఇంకో మాట: "సార్, ఆర్నెల్లయింది. ఇంకా ఒక్క పాట కూడా పూర్తిగా వాయించడం లేదేంటి?" బొటనవేలిని ఒక పనిలో పెట్టి, మిగతా వేళ్లను వేరే పనిలో పెట్టి, నోటితో మూడో పని చేయడం ఎంత కష్టమో ఒక్కసారి టేబుల్ మీద వేళ్లతో కొట్టి చూడండి. అది ఆర్నెల్లలో వచ్చేది కాదు. వచ్చాక పోయేదీ కాదు.

గిటార్ మొదట కాళ్లతో నేర్చుకోవాలి

నా క్లాసులో కొత్త పిల్లలకు మొదటి మూడు వారాలు గిటార్ ఇవ్వను. కారిడార్‌లో నడిపిస్తాను. ఒకటి నుంచి ఎనిమిది వరకు సమానంగా లెక్కపెట్టమంటాను. ఒకటి దగ్గర ఒక అడుగు, అయిదు దగ్గర ఇంకో అడుగు. అది వచ్చాక చప్పట్లు కలుపుతాను: ఒకటి, నాలుగు, ఏడు దగ్గర. అడుగులు రెండూ సమ దూరంలో పడుతుంటాయి. చప్పట్లు మూడు, మూడు, రెండుగా పడతాయి. మృదంగం నేర్చుకునే పిల్లలు వెంటనే గుర్తుపడతారు. ఇది మన 'తకిట తకిట తక'. ఈశాన్య బ్రెజిల్‌లోని 'బయావ్' పాటల్లోనూ, పాత సాంబాలోనూ వినిపించే దరువు సరిగ్గా ఇదే. బోసా నోవా దరువు దీనికంటే పొడవైనది, కానీ ఇది వచ్చినవాడికి అది అందుతుంది.

ఈ రాత్రి భోజనాలయ్యాక మీరూ పిల్లలూ కలిసి ఒక్క అయిదు నిమిషాలు ప్రయత్నించండి. రెండో నిమిషంలో ఎవరో ఒకరి కాలు చప్పట్ల వెంట పరుగెడుతుంది. నవ్వులాటగా ఉంటుంది. కాలు తన దారిన తాను నిలకడగా పడుతూ, చెయ్యి వేరే దారిలో ఆడుకోగలిగిన క్షణం ఒకటి వస్తుంది. ఆ క్షణంలో మీ పిల్లల ముఖం చూడండి.

బ్రెజిల్‌లో సంగీతాన్నీ ఒంటినీ వేరుచేసి చూడరు. దీనికి అన్నిటికంటే మంచి సాక్ష్యం 'కపొయెరా'. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులూ వారి సంతతీ బ్రెజిల్‌లో పెంచుకున్న విద్య ఇది. కుస్తీలా ఉంటుంది, నాట్యంలా ఉంటుంది, ఆటలా ఉంటుంది. 1890 నాటి శిక్షాస్మృతి దాన్ని నేరమంది. 1932లో మెస్త్రి బింబా అనే గురువు సాల్వడార్ నగరంలో దానికి శిక్షణశాల తెరిచారు. 2014లో యునెస్కో కపొయెరా వలయాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. ఈ ఆటకు 'బెరింబావు' అనే వాయిద్యం ప్రాణం. ఒక వంచిన కర్ర, ఒక తీగ, ఒక బుర్ర, అంతే. దాని వేగాన్ని బట్టే ఆటగాళ్ల వేగం మారుతుంది. మన ఊళ్లలో డప్పు దరువును బట్టి కర్రసాము చేసేవాళ్ల కాళ్లు కదలడం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. కపొయెరాలో ఆగకుండా ఊగే మూల అడుగును 'జింగా' అంటారు. బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల ఒంట్లోని ఊపునూ అదే మాటతో మెచ్చుకుంటారు. వాద్యానికీ పోరాటానికీ ఫుట్‌బాల్‌కీ ఒకే ఊపు! మనం మాత్రం టైమ్‌టేబుల్‌లో వీటిని వేరువేరు గదుల్లో పెట్టి, పరీక్షలు దగ్గరపడగానే రెండు గదులకూ తాళం వేస్తున్నాం.

గురువు ఇచ్చేది పాఠం ఒక్కటే కాదు

లూయిజ్ బోన్‌ఫా పేరు విననివాళ్లు కూడా ఆయన స్వరం ఎక్కడో వినే ఉంటారు. 1959లో కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి, ఆ తర్వాత ఆస్కార్ గెలిచిన 'బ్లాక్ ఆర్ఫియస్' సినిమాకు 'మన్యా జి కార్నవాల్' పాట కట్టింది ఆయనే. ఆయన ఇల్లు రియో శివార్లలోని శాంటా క్రూజ్‌లో. పదకొండేళ్ల వయసులో వారానికోసారి, కొంత నడిచి, రెండున్నర గంటలు రైల్లో కూర్చుని, శాంటా తెరెజా కొండమీద ఉన్న గురువు ఇసాయాస్ సావియో ఇంటికి వెళ్లేవారు. ఫీజు ఇచ్చే స్తోమత ఆ ఇంటికి లేదు. పిల్లవాడి పట్టుదల చూసి సావియో డబ్బు తీసుకోకుండానే నేర్పారు.

బేడెన్ పావెల్ అనే ఇంకో మహా గిటారిస్టుకు ఎనిమిదో ఏటి నుంచి నేర్పిన గురువు పేరు మెయిరా. ఆయన పాటలకు వెనక గిటార్ వాయించే కళాకారుడు. ముందు వరుసలో నిలబడి మెరిసే పేరు కాదు. కానీ బేడెన్ పావెల్‌నూ, ఆయన తర్వాత పాతికేళ్లకు పుట్టిన రఫాయెల్ రబెల్లోనూ తయారుచేసింది ఆ ఒక్క గురువే. రెండు తరాల బ్రెజిల్ గిటార్ ఒక ఇంటి గదిలోంచి నడిచి వచ్చింది.

అమెరికా గిటారిస్టు చార్లీ బర్డ్ కథ తల్లిదండ్రులకు మరీ ముఖ్యం. ఆయన 1925లో వర్జీనియాలో పుట్టారు. తొలి పాఠాలు నాన్న దగ్గరే. జాజ్ వాయించి సంపాదించుకుంటున్న మనిషి, దాదాపు ముప్పై ఏళ్ల వయసులో, 1954లో ఇటలీలోని సియెనాకు వెళ్లి స్పెయిన్ మహా విద్వాంసుడు ఆంద్రెస్ సెగోవియా ముందు మళ్లీ విద్యార్థిలా కూర్చున్నారు. 1961లో అమెరికా ప్రభుత్వం పంపిన సంగీత యాత్రలో దక్షిణ అమెరికా తిరిగినప్పుడు బ్రెజిల్‌లో విన్న కొత్త లయ ఆయన్ను వదల్లేదు. 1962 ఫిబ్రవరి 13న వాషింగ్టన్‌లోని ఒక చర్చి హాల్లో, శాక్సోఫోన్ కళాకారుడు స్టాన్ గెట్జ్‌తో కలిసి 'జాజ్ సాంబా' ఆల్బమ్ రికార్డు చేశారు. అది మరుసటి ఏడాది బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. తర్వాత గిటార్ నేర్చుకునేవాళ్ల కోసం ఆయన పాఠ్యపుస్తకమూ రాశారు.

ఈ మూడు కథల్లో ఉన్నది ఒకటే. విద్య మీద ప్రేమ ఉన్న పెద్దమనిషి ఎదురుగా కూర్చోవడమే పిల్లలకు దొరికే మొదటి పాఠం. వీడియోలు చూసి కార్డ్స్ నేర్చుకోవచ్చు, నేను కాదనను. కానీ మణికట్టు వంకర పోతున్నప్పుడు "నాన్నా, చెయ్యి వదులు చెయ్" అనేది ఫోన్ కాదు. స్వయంగా సాధన మానని టీచర్‌నే పిల్లలు నమ్ముతారు. నేను రోజూ సాధన చేస్తానా లేదా అని నా విద్యార్థులు నన్ను అడుగుతారు. అడగాలి కూడా.

వేళ్ల బలం వేళ్లలో ఉండదు

ఇప్పుడు గ్రౌండ్ సంగతికి వద్దాం. మీ అరచేయి పైకి తిప్పి వేళ్లు ముడిచి, విప్పి చూడండి. మోచేతి కింద కండ కదలడం కనిపిస్తుంది. వేళ్లలో కండరాలు లేవు. వేళ్లను బలంగా ముడిచే కండరాలు ముంజేతిలో ఉంటాయి. వాటి నుంచి వచ్చే స్నాయువులు మణికట్టులోని ఇరుకు దారి గుండా వేళ్లకు చేరతాయి. మణికట్టును బాగా వంచి గంటలు వాయిస్తే ఆ ఇరుకులో ఒత్తిడి పెరుగుతుంది. ముంజేతిని మోసేది భుజం. భుజాన్ని నిలబెట్టేది వెన్ను. వెన్ను వాలిపోయిన పిల్లవాడు భుజం బిగిస్తాడు, భుజం బిగిస్తే మణికట్టు బిగుస్తుంది, చివరికి తీగ మీద స్వరం బిగుస్తుంది.

ఇది నేను క్లాసులో రోజూ చూసేదే. బస్సులో ఒక గంట, బెంచీ మీద ఆరేడు గంటలు, ఇంట్లో ఫోన్ మీద వంగి ఇంకో గంట. అలాంటి పిల్లలు గిటార్ పట్టుకుని పది నిమిషాలు కూర్చోగానే "సార్, నడుము నొప్పి" అంటారు. సిక్స్త్ క్లాస్ పిల్లలు! అదే, ఉదయం స్కిప్పింగ్ చేసి, బార్‌కి వేలాడి, సూర్య నమస్కారాలు చేసే పిల్లలు అరగంట హాయిగా కూర్చుంటారు. లయ కూడా వాళ్లకు త్వరగా పట్టుబడుతుంది. పరుగెత్తేవాడికి తన ఊపిరి లెక్క తెలుసు కదా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు, గుండె వేగం పెరిగేలాంటి శారీరక శ్రమ కావాలి. వారంలో కనీసం మూడు రోజులు కండరాలనూ ఎముకలనూ బలపరిచే వ్యాయామం ఉండాలి. అంటే వారానికి 420 నిమిషాలు. 40 నిమిషాల గేమ్స్ పీరియడ్లు వారానికి రెండు ఉన్నాయనుకుందాం. వచ్చేది 80 నిమిషాలు. ఇంకా 340 నిమిషాల అప్పు మిగిలే ఉంది. ఆ 80 కూడా తీసేయమంటే ఆ అప్పు ఎవరు తీరుస్తారు?

బేడెన్ పావెల్ పేరు ఇందాక చెప్పాను. మన స్కౌట్ పిల్లలకు ఈ పేరు వినగానే అనుమానం వచ్చి ఉంటుంది. నిజమే. ఆయన తండ్రికి స్కౌట్ ఉద్యమమంటే ప్రాణం. 1937లో కొడుకు పుడితే స్కౌట్స్ వ్యవస్థాపకుడు రాబర్ట్ బేడెన్ పావెల్ పేరు పెట్టుకున్నారు. ఆ కొడుకు బెరింబావు మోతను గిటార్ తీగల మీదికి తెచ్చారు. వినిసియస్‌తో కలిసి 1966లో తెచ్చిన 'ఆఫ్రో సాంబా' పాటలు ఇప్పటికీ వింటారు. ఇద్దరు కొడుకులూ సంగీతకారులయ్యారు. కానీ ఒంటి విషయంలో ఆ పేరు ఆయన్ను కాపాడలేదు. తాగుడు, పొగ ఆయన ఆరోగ్యాన్ని దెబ్బతీశాయి. 2000లో, 63 ఏళ్లకే కన్నుమూశారు. చేతిలో ఎంత గొప్ప విద్య ఉన్నా దాన్ని మోసేది ఈ ఒళ్లే. ఆయన్ను ప్రాణంగా ప్రేమించే శ్రోతగానే ఈ మాట నా విద్యార్థులకు చెబుతుంటాను.

మరి మార్కుల సంగతి?

గిటార్ నేర్చుకుంటే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని నేను మీకు మాట ఇవ్వను. అలా చెప్పి అడ్మిషన్లు తెచ్చుకునే పద్ధతి నాకు నచ్చదు. మార్కుల కోసమే సంగీతమైతే, మార్కులు వచ్చే ఇంకో సులువు దారి దొరికిన రోజున సంగీతాన్ని వదిలేస్తారు. సంగీతం దానికదే ఒక విలువ. వ్యాయామమూ అంతే.

అయితే ఒక్కటి మాత్రం అనుభవంతో చెప్పగలను. తప్పు ఎక్కడుందో తానే విని పట్టుకోవడం, ఆ రెండు సెకన్ల ముక్కను విడదీసి నెమ్మదిగా ఇరవై సార్లు చేయడం, మళ్లీ మొత్తంలో కలపడం, ఇది పిల్లలకు ఒక పద్ధతిగా అలవాటవుతుంది. లెక్క తప్పినప్పుడు ఏ స్టెప్‌లో తప్పిందో వెతికే ఓపిక కూడా ఇలాంటిదే. ఆ ఓపికను ఎక్కడ వాడుకోవాలో పిల్లలకు మనం చూపించాలి.

విధానాలు కూడా ఇటే చెబుతున్నాయి. 2020 జాతీయ విద్యా విధానం చదువుకీ ఆటపాటలకీ మధ్య గట్టి గోడలు ఉండకూడదంది. 2023లో వచ్చిన జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం కళలనూ వ్యాయామ విద్యనూ పాఠ్యాంశాలుగానే పెట్టింది. కాగితం మీద గోడ కూలింది. మన మనసులో ఇంకా ఉంది. నిజం చెప్పాలంటే బడుల్లోనూ ఉంది. పరీక్షల నెల రాగానే మొదట పోయేది ఈ రెండు పీరియడ్లే. ఈ విషయంలో మిమ్మల్ని అడిగే ముందు మేము మమ్మల్ని అడుగుకోవాలి. స్టాఫ్ మీటింగ్‌లోనూ నేను ఇదే మాట అంటున్నాను.

ఇంట్లో మీరు చేయగలిగినవి

• రోజుకు 20 నిమిషాల సాధన చాలు. వారమంతా వదిలేసి ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టకండి. ఆరు రోజులు 20 నిమిషాలు చేసినా మొత్తం రెండు గంటలే అవుతుంది, కానీ వేళ్లకు గుర్తుండేది రోజూ చేసిందే.

• సాధనకు ముందు అయిదు నిమిషాలు భుజాలు, మణికట్లు తిప్పించండి. నొప్పి అంటే ఆపించండి. "ఓర్చుకో" అనకండి. నొప్పి రెండు మూడు రోజులు తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి, నాకూ చెప్పండి.

• చేతులు లేని కుర్చీ ఇవ్వండి. పాదం నేల మీద ఆనాలి. సోఫాలో, మంచం మీద పడుకుని వాయించనివ్వకండి.

• సాయంత్రం ఒక గంట కిందకి పంపండి. గ్రౌండ్ దగ్గర లేకపోతే మేడ మీద స్కిప్పింగ్ అయినా చాలు. వీలైతే మీరూ దిగండి.

• చుట్టాలొచ్చినప్పుడు "ఏదీ, ఒక పాట వాయించు" అని నిలబెట్టకండి. పిల్లలు తమంతట తాము వాయించినప్పుడు పక్కన కూర్చుని, ఫోన్ పక్కన పెట్టి వినండి.

• వారానికి ఒక్కసారి ఇంట్లో జిల్బెర్టో పాట ఒకటి పెట్టండి. బొటనవేలి చప్పుడు వేరుగా వినిపిస్తోందా అని పిల్లల్ని అడగండి. వాళ్లే మీకు నేర్పుతారు.

చివరగా ఒక అభ్యర్థన. వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌కి వచ్చినప్పుడు మ్యాథ్స్ టీచర్, సైన్స్ టీచర్ టేబుళ్ల దగ్గరే ఆగిపోకండి. పీటీ సార్ గ్రౌండ్ దగ్గర ఉంటారు, నేను మ్యూజిక్ రూమ్‌లో ఉంటాను. "మా అమ్మాయి ఎలా పరుగెడుతోంది? మా అబ్బాయి ఎడమ చెయ్యి ఎలా ఉంది?" అని మమ్మల్నీ అడగండి. తల్లిదండ్రులు అడిగే పీరియడ్‌ను ఏ స్కూలూ అంత తేలిగ్గా తీసేయదు.